ఇంట్లో చేసిన క్రీము ఎందుకు విరిగిపోతుంది?

మా అమ్మమ్మ తాంబూలం పళ్లెంలో ఎప్పుడూ ఒక సున్నం డబ్బా ఉండేది. ఎవరి చెయ్యయినా కాలితే ఆ డబ్బా వంటింట్లోకి వచ్చేది. అమ్మమ్మ కాస్త సున్నాన్ని గ్లాసెడు నీళ్లలో కలిపి కదపకుండా ఉంచేది. సున్నం అడుగుకు చేరాక పైన నిలిచిన తేటను గిన్నెలోకి వంచి, దాదాపు అంతే గానుగ కొబ్బరినూనె పోసి, వేళ్లతో గబగబా గిలక్కొట్టేది. నేను గిన్నె మీదికి వంగి చూసేదాన్ని. అద్దంలా తేటగా ఉన్న నీరు, అంతే తేటగా ఉన్న నూనె, రెండూ కలిసి నిమిషంలో పాలలా తెల్లబడి, మరో నిమిషానికి వెన్నలా చిక్కబడేవి.

కాలిన చోట ఇప్పుడు ఎవరూ ఆ ముద్ద రాయవద్దు. కాలగానే 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచడమే సరైన ప్రథమ చికిత్స. అయితే ఆ గిన్నెలో జరిగింది మాత్రం, ఇవాళ ఇంట్లో క్రీములు, లోషన్లు చేసుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన విషయం. గానుగ నూనెలో విడిగా తిరిగే కొవ్వు ఆమ్లాలు కొద్దిగా ఉంటాయి. సున్నపు తేటలోని క్షారం వాటితో కలిసి అక్కడికక్కడే ఒక రకం సబ్బును తయారుచేస్తుంది. నూనెను, నీటిని పట్టి ఉంచింది ఆ సబ్బే. అలా నూనెను, నీటిని కలిపి ఉంచే పదార్థాన్ని ఎమల్సిఫయర్ అంటారు. అంటే అమ్మమ్మ తనకు కావలసిన ఎమల్సిఫయర్‌ను తానే తయారుచేసుకుంది. శుద్ధిచేసిన నూనెతో ఇదే పని చేస్తే అంత చక్కగా కలవదు, ఎందుకంటే శుద్ధి చేసేటప్పుడు ఆ ఆమ్లాలను చాలావరకు తీసేస్తారు.

ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే ఒక పద్ధతిని చూడండి. కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించాలి, చల్లారాక కలబంద గుజ్జు, పన్నీరు (గులాబీ నీరు) వేసి మిక్సీలో తిప్పాలి, క్రీము తయారు. నేనూ మొదట అలాగే చేశాను. మిక్సీ మూత తీసినప్పుడు నిజంగానే తెల్లగా, ముద్దగా ఉంది. సీసాలోకి ఎత్తి బీరువాలో పెట్టాను. మూడో రోజు మూత తీస్తే పైన చెమట పట్టినట్టు నీటి బొట్లు, గోడల వెంట జారిన పల్చటి ద్రవం, వేలితో తీస్తే మైనపు పలుకులు. వారం తిరిగేసరికి ఒక మూల బూడిద రంగు మచ్చ.

తప్పు మిక్సీది కాదు, కొలతదీ కాదు. ఆ వంటకంలో నూనెను, నీటిని కలిపే పదార్థమే లేదు. తేనెమైనం నూనెను గట్టిపరిచింది, ఆ గట్టిదనంలో నీరు కాసేపు ఇరుక్కుంది, అంతే. చిక్కబడటం వేరు, కలవడం వేరు. ఇంట్లో చేసే క్రీముల విషయంలో నేను చూసిన అపోహల్లో సగానికి సగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల పుట్టినవే.

పాలు, మీగడ, వెన్న

ఎమల్షన్ అనే మాట కొత్తగా అనిపించవచ్చు గానీ ఆ వస్తువు మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిందే. పాలు ఒక ఎమల్షన్. నీటిలో కొవ్వు బొట్లు తేలుతుంటాయి, ఒక్కో బొట్టు చుట్టూ ఒక సన్నటి పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం బొట్టు బొట్టుగానే ఉంటుంది, పక్కదానితో కలిసిపోదు. వెన్న దీనికి తలకిందులు. అక్కడ కొవ్వే సముద్రం, నీరు చిన్న చిన్న బొట్లుగా అందులో చిక్కుకుని ఉంటుంది. కవ్వంతో చిలుకుతున్నప్పుడు కొవ్వు బొట్ల చుట్టూ ఉన్న పొరలు చిరుగుతాయి, బొట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒక క్షణంలో వ్యవహారమంతా తిరగబడుతుంది. కవ్వం బరువెక్కి చల్ల చప్పుడు మారే ఆ క్షణం, చిలికినవాళ్లకు చేతికే తెలుస్తుంది.

క్రీములు కూడా ఈ రెండు జాతులే. పాల జాతివి చర్మంలోకి తొందరగా ఇంకుతాయి, నీటితో కడిగితే పోతాయి, చేతికి చల్లగా తగులుతాయి. మనం లోషన్ అని కొనేవి దాదాపు అన్నీ ఇవే. వెన్న జాతివి జిడ్డుగా ఉంటాయి, ఆలస్యంగా ఇంకుతాయి, చలికి పగిలిన మడమల మీద ఒక కప్పులా నిలుస్తాయి. ధనుర్మాసం చలిలో పెదవులకు వెన్నపూస రాసే అలవాటు వెనక ఉన్నది ఇదే. మీ దగ్గరున్న క్రీము ఏ జాతిదో తెలుసుకోవాలంటే గ్లాసు నీళ్లలో ఒక బొట్టు వేసి కలపండి. పాల జాతిదైతే నీరు తెల్లబడుతుంది. వెన్న జాతిదైతే బొట్టు అలాగే పైన తేలుతుంది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయుర్వేదంలో శతధౌత ఘృతం అని ఉంది. నెయ్యిని రాగి పాత్రలో వేసి, నీరు పోసి మర్దిస్తూ, ఆ నీటిని వంచేసి మళ్లీ కొత్త నీరు పోస్తూ, వందసార్లు కడుగుతారు. చివరికి నెయ్యి వాసన తగ్గి, పలుకు పోయి, తెల్లని మృదువైన లేపనంగా మారుతుంది. విడిగా ఏ ఎమల్సిఫయరూ వేయలేదు కదా, మరి నీరు ఎలా నిలిచింది? నెయ్యిలోని కొవ్వు స్ఫటికాలు మర్దనకు నలిగి, సన్నటి వలలా అల్లుకుని, నీటి బొట్లను మధ్యలో బంధిస్తాయి. ఓపికగా చేస్తే చిక్కదనం కూడా కొంత నీటిని పట్టి ఉంచగలదన్న మాట. అయితే ఆ వల వేడికి నిలవదు. నెయ్యి కరిగే వేడి తగిలితే నీరు విడిపోతుంది. తేనెమైనం క్రీములో జరిగేదీ ఇదే.

అణువు ఒకటి, కొనలు రెండు

పదో తరగతి జీవశాస్త్రంలో పైత్యరసం కొవ్వులను ఎమల్సీకరణం చేస్తుందని చదివాం. తిన్న నెయ్యి, నూనె పేగుల్లో చిన్న చిన్న బొట్లుగా విడిపోవడానికి కాలేయం పంపే పైత్యరస లవణాలే కారణం. అవి ఎమల్సిఫయర్లే. అందుకే “ఎమల్సిఫయర్ అంటే కెమికల్, మాకు వద్దు” అనేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఏది వాడాలన్నది ఆలోచించాల్సిన విషయమే. అసలు వద్దనుకుంటే మాత్రం మిగిలేది నూనె ఒక పక్క, నీరు ఒక పక్క.

ఎమల్సిఫయర్ అణువుకు ఒక కొన నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొన నూనెను ఇష్టపడుతుంది. నూనె, నీరు తాకే సరిహద్దులో ఒక కొనను అటు, ఒక కొనను ఇటు పెట్టి వరసగా నిలబడుతుంది. ఆ వరస నిండుగా ఉంటే ప్రతి నూనె బొట్టుకూ ఒక తొడుగు ఏర్పడుతుంది. వరసలో ఖాళీలుంటే ఆ ఖాళీల దగ్గర బొట్లు కలిసిపోతాయి, పెద్దవవుతాయి, చివరికి పైకి తేలి నూనె తెట్టు కడుతుంది.

ఎంత ఎమల్సిఫయర్ కావాలో అర్థం కావాలంటే చిన్న లెక్క వేద్దాం. 100 గ్రాముల లోషన్‌లో 20 గ్రాముల నూనె ఉందనుకోండి. దాన్ని మిల్లీమీటరులో ఐదువందలో వంతు మందమున్న బొట్లుగా, అంటే 2 మైక్రాన్ల బొట్లుగా విడగొడితే, ఆ బొట్ల ఉపరితలం అంతా కలిపి దాదాపు 65 చదరపు మీటర్లు అవుతుంది. 700 చదరపు అడుగుల ఇంటి నేలంత. అరచేతిలో పట్టే సీసాలో అంత నేలకు గచ్చు పరవాలి. చిటికెడు ఎమల్సిఫయర్ ఎందుకు చాలదో ఇంతకంటే చెప్పనక్కరలేదు. నూనె భాగంలో నాలుగో వంతు, లేదా మొత్తం బరువులో 4 నుంచి 6 శాతం అని వాడుకలో ఉన్న కొలత అలా వచ్చిందే.

బొట్టు ఎంత చిన్నదైతే అంత మేలు. బొట్టు మందం సగమైతే అది పైకి తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ప్యాకెట్ పాలలో దీన్ని రోజూ చూడవచ్చు. హోమోజినైజ్ చేసిన పాలలో కొవ్వు బొట్లను యంత్రంతో మైక్రాన్ కంటే చిన్నవిగా పగలగొడతారు. అందుకే పాడి గేదె పాలమీద కట్టినంత మీగడ వాటిమీద కట్టదు. ఇంట్లో క్రీముకు చేతి గరిట కన్నా హ్యాండ్ బ్లెండర్ మేలని చెప్పేది ఇందుకే.

నీరు, నూనె రెండింటిలో ఏది సముద్రం అవుతుంది, ఏది బొట్టు అవుతుంది అన్నది ఎమల్సిఫయర్ స్వభావాన్ని బట్టే ఉంటుంది. అది దేనిలో ఎక్కువగా కరుగుతుందో అదే సముద్రం అవుతుందని వైల్డర్ బాన్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త 1910లలో సూత్రీకరించాడు. సోడియం సబ్బు నీటిలో కరుగుతుంది, కాబట్టి దానితో పాల జాతి క్రీము వస్తుంది. సున్నంతో ఏర్పడే కాల్షియం సబ్బు నీటిలో కరగదు, నూనె పక్షం. అమ్మమ్మ గిన్నెలో వెన్న లాంటిది రావడానికి ఇదే కారణం. బోరు నీళ్లతో చేసిన క్రీము కొందరికి విరిగిపోవడానికీ ఇదే కారణం. ఆ నీళ్లలోని కాల్షియం, మంచి సబ్బును మొండి సబ్బుగా మార్చేస్తుంది. క్రీముకు డిస్టిల్డ్ వాటర్ వాడమనడం ఆడంబరానికి కాదు.

తేనెమైనం కథ

తేనెమైనం మీద ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 2వ శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు గాలెన్ పేరు మీద ఒక లేపనం ప్రసిద్ధి. ఆలివ్ నూనెలో తేనెమైనం కరిగించి, పన్నీరు కలిపేవారు. అందులో నీరు సరిగా కలవదు కాబట్టి ఒంటికి రాయగానే విడిపోయి ఆవిరయ్యేది, చర్మం చల్లబడేది. కోల్డ్ క్రీమ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. చాలా శతాబ్దాల తర్వాత, 19వ శతాబ్దంలో, ఆ క్రీములో వెలిగారం చేర్చడం మొదలైంది. బంగారుపని చేసేవాళ్లు అతుకులకు వాడే వెలిగారమే. తేనెమైనంలో పదోవంతుకు కాస్త ఎక్కువ స్వేచ్ఛా ఆమ్లం ఉంటుంది. వెలిగారం దానితో కలిసి సోడియం సబ్బు అవుతుంది. తేనెమైనం ఎమల్సిఫయర్‌గా పనిచేసేది అప్పుడే, అదీ కొంతభాగం సబ్బుగా మారినంత మేరకే. వెలిగారం సంతానోత్పత్తికి హాని చేయగలదని ఐరోపా సంఘం వర్గీకరించింది. ఇంట్లో చేసే క్రీములకు దాన్ని వాడమని నేను చెప్పను.

స్నో అనే మాట గుర్తుందా? “స్నో రాసి పౌడరు అద్దుకుని” అని మన పెద్దవాళ్లు అనే స్నో. 1919లో బొంబాయిలో మొదలైన అఫ్ఘాన్ స్నో ఈ మాటను దేశమంతా తిప్పింది. రాస్తే మాయమైపోయే ఆ తరహా క్రీములను పాత పద్ధతిలో స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లంతో చేసేవారు. ఆమ్లంలో కొంతభాగాన్ని క్షారంతో సబ్బుగా మారుస్తారు, మిగిలింది స్ఫటికాలుగా ఉండి ముత్యపు మెరుపునిస్తుంది. అక్కడా కలిపేది సబ్బే. ఈ సబ్బు రకాల బలహీనత ఒకటుంది. పులుపు పడదు. అలాంటి క్రీములో ఎవరైనా మంచిదని నిమ్మరసం పిండితే, సబ్బు మళ్లీ కొవ్వు ఆమ్లంగా మారిపోతుంది. పాలు విరిగినంత తేలిగ్గా క్రీమూ విరుగుతుంది.

1911లో జర్మనీలో వచ్చిన నీవియా క్రీము సబ్బు లేకుండా నిలబడింది. గొర్రె ఉన్ని జిడ్డు నుంచి ఐజాక్ లిఫ్‌షూట్జ్ తీసిన యూసెరిట్ అనే ఎమల్సిఫయర్ దానికి ఆధారం. అది వెన్న జాతి క్రీము. ఎమల్సిఫయర్ ఒక్కటి సరిగా దొరికితే క్రీము ఎంత దూరమైనా ప్రయాణిస్తుందని ఆ నీలం డబ్బా నిరూపించింది.

గ్రిఫిన్ లెక్క

1949లో విలియం గ్రిఫిన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఎమల్సిఫయర్లకు మార్కులు వేసే పద్ధతిని ప్రచురించాడు. దాన్ని హెచ్‌ఎల్‌బి (హైడ్రోఫిలిక్-లిపోఫిలిక్ బ్యాలెన్స్) అంటారు, అంటే నీటి మీద ఇష్టానికి, నూనె మీద ఇష్టానికి మధ్య తూకం. సున్నా నుంచి 20 వరకు. తక్కువ మార్కులు నూనె పక్షం, ఎక్కువ మార్కులు నీటి పక్షం. 3 నుంచి 6 మధ్య ఉన్నవి వెన్న జాతి క్రీములకు, 8 నుంచి 16 మధ్య ఉన్నవి పాల జాతి క్రీములకు పనికొస్తాయి. సార్బిటాన్ ఓలియేట్ మార్కు 4.3. పాలీసార్బేట్ 80 మార్కు 15. మామూలు గ్లిసరిల్ స్టియరేట్‌ది 3.8 మాత్రమే, అందుకే ఒంటరిగా అది లోషన్‌ను నిలపలేదు.

ఇందులో అందమైన భాగం ఏమిటంటే, నూనెలకు కూడా అవసరమైన మార్కు ఉంటుంది. బాదం నూనెకు సుమారు 7, కొబ్బరినూనెకు 8, తేనెమైనానికి 12, ఆముదానికి 14. సరుకును బట్టి ఇవి కాస్త అటూ ఇటూ ఉంటాయి. 20 గ్రాముల నూనె భాగంలో బాదం నూనె 10, ఆముదం 4, కొబ్బరినూనె 4, తేనెమైనం 2 గ్రాములు ఉన్నాయనుకుందాం. వాటి వాటాలు సగం, ఐదోవంతు, ఐదోవంతు, పదోవంతు. మార్కులతో గుణిస్తే 3.5, 2.8, 1.6, 1.2. మొత్తం 9.1. ఈ 9.1కి సరిపడేలా 15 మార్కు దాన్ని, 4.3 మార్కు దాన్ని ఏ పాళ్లలో కలపాలి? 45 శాతం పాలీసార్బేట్, 55 శాతం సార్బిటాన్ ఓలియేట్. మొత్తం 5 గ్రాముల ఎమల్సిఫయర్ అనుకుంటే 2.25 గ్రాములు, 2.75 గ్రాములు.

ఒకే ఒక్క ఎమల్సిఫయర్ కంటే ఇలాంటి జంట మేలుగా పనిచేస్తుంది. పెద్ద తలలున్న అణువుల మధ్య సందుల్లో చిన్న తలలవి దూరి, తొడుగు బిగుతుగా అల్లుకుంటుంది. అయితే గ్రిఫిన్ లెక్కను వేదవాక్కుగా తీసుకోకూడదు. అది విద్యుదావేశం లేని ఎమల్సిఫయర్ల కోసం వేసిన లెక్క. ఏ పాళ్లలో కలపాలో చెబుతుంది గానీ మొత్తం ఎంత వేయాలో చెప్పదు. వేడికి స్వభావం మారుతుందన్న సంగతి దానిలో లేదు. పాలీసార్బేట్ వంటివి వేడెక్కేకొద్దీ నీటి మీద మమకారం తగ్గించుకుని నూనె వైపు జరుగుతాయి. 1960లలో జపాన్ శాస్త్రవేత్త కోజో షినోడా దీన్ని లోతుగా పరిశీలించాడు. మన ఎండలకు ఇది పుస్తకాల్లో సంగతిగా మిగిలిపోదు.

పేర్లు చూసి మోసపోవద్దు

లెక్కలతో పని లేకుండా, ముందే జత కట్టిన ఎమల్సిఫయర్లు దొరుకుతాయి. కొత్తవాళ్లు వాటితోనే మొదలుపెట్టడం మంచిది. అందులో అన్నింటికన్నా గందరగోళం పెట్టేది ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్. పేరులో వ్యాక్స్ ఉంది కదా అని దాని బదులు తేనెమైనం వేస్తారు. పేరు తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్‌లో కూడా రెండు రకాలున్నాయి. బ్రిటిష్ ఫార్మకోపియా (బ్రిటన్ ఔషధ ప్రమాణాల గ్రంథం) రకంలో సెటోస్టియరిల్ ఆల్కహాల్ తొమ్మిది పాళ్లు, సోడియం లారిల్ సల్ఫేట్ ఒక పాలు ఉంటాయి. షాంపూల్లో నురుగునిచ్చేది ఆ లారిల్ సల్ఫేటే. ఈ వ్యాక్స్‌తో చేసిన ఆక్వియస్ క్రీములో అది సుమారు 1 శాతం ఉంటుంది. తామర (ఎగ్జిమా) ఉన్న పిల్లల ఒంటి మీద రాసి వదిలేస్తే మంట, దురద కలగవచ్చని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. అమెరికా రకంలో లారిల్ సల్ఫేట్ బదులు పాలీసార్బేట్ తరహా పదార్థం ఉంటుంది. పొడి చర్మానికి, పసిపిల్లలకు చేసేవారు ప్యాకెట్ వెనక ఈ తేడా చూసి తీరాలి.

సెటైల్ ఆల్కహాల్‌ను కూడా ఎమల్సిఫయర్ అని అమ్ముతుంటారు. అది తోడు మాత్రమే. క్రీముకు చిక్కదనాన్ని, తొడుగుకు బిగువును ఇస్తుంది, ఒంటరిగా నూనెను నీటిలో నిలపలేదు. గ్లిసరిల్ స్టియరేట్ పక్కన ఎస్‌ఈ అనే అక్షరాలుంటే కొంచెం సబ్బు కలిపి తనంతట తాను పనిచేసేలా చేశారని అర్థం. ఆ రెండక్షరాలు లేని ప్యాకెట్ కొని, క్రీము విరిగిందని తల పట్టుకున్నవారు చాలామంది.

ఆలివ్ నూనె నుంచి వచ్చే సెటియరిల్ ఆలివేట్, సార్బిటాన్ ఆలివేట్ జంట, చక్కెర నుంచి వచ్చే సెటియరిల్ గ్లూకోసైడ్ నాకు ఇష్టమైనవి. చర్మం మీద సాఫీగా జారతాయి, పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) వద్దనుకునేవారికి కూడా అభ్యంతరం ఉండదు. గుడ్డుసొన, సోయా నుంచి వచ్చే లెసిథిన్ వినడానికి బాగుంటుంది గానీ, మామూలు రకం నూనె పక్షమే. లోషన్‌లో ఒంటరిగా నిలవదు, పైగా జిగురుగా ఉంటుంది. జుట్టు కండిషనర్లకు వాడే బీటీఎంఎస్ అనే ఎమల్సిఫయర్‌కు ధనావేశం ఉంటుంది. క్రీముకు కూడా పట్టుబట్ట లాంటి స్పర్శనిస్తుంది. కానీ చిక్కదనానికి వాడే, రుణావేశమున్న శాంథాన్ గమ్ అనే జిగురుతో గానీ, సబ్బు రకాలతో గానీ దాన్ని కలిపితే రెండూ పట్టుకుని ముద్దకట్టి కూర్చుంటాయి.

పొయ్యి దగ్గర

100 గ్రాముల లోషన్‌కు నేను వాడే కొలత ఇది: డిస్టిల్డ్ వాటర్ 72.5 గ్రాములు, గ్లిసరిన్ 3, నువ్వుల నూనె 12, కొబ్బరినూనె 4, సెటైల్ ఆల్కహాల్ 2, పాలీసార్బేట్ రకం ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 5, ఫినాక్సీ ఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 1, విటమిన్ ఇ అర గ్రాము. అన్నీ తూకమే, చెంచాలు కాదు. గ్రాములో పదోవంతు చూపే చిన్న డిజిటల్ తూకం లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

నీరు, గ్లిసరిన్ ఒక గిన్నెలో. నూనెలు, సెటైల్ ఆల్కహాల్, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ ఇంకో గిన్నెలో. రెండింటినీ వేడినీళ్ల పాత్రలో నిలబెట్టి 70 నుంచి 75 డిగ్రీల వరకు వేడిచేయాలి. నూనె ఒక్కదాన్నే వేడిచేసి చల్లటి నీరు పోస్తే మైనపు పదార్థాలు తాకిన చోటే గడ్డకడతాయి, రవ్వరవ్వగా మిగులుతాయి, ఇక ఎంత తిప్పినా పోవు. వేడిచేశాక నీటి గిన్నెను మళ్లీ తూచి, ఆవిరై తగ్గినంత వేడినీరు కలపాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇది.

నూనె గిన్నెలోకి నీటిని సన్నధారగా పోస్తూ బ్లెండర్ తల పూర్తిగా మునిగేలా ఉంచి తిప్పితే గాలి దూరదు. మొదట కాస్త గట్టిపడినట్టై, ఒకచోట తిరగబడి, ఒక్కసారిగా పల్చబడి తెల్లబడుతుంది. కవ్వం దగ్గర జరిగిందానికి ఇది ఎదురు. రెండు మూడు నిమిషాలు ఆపి ఆపి తిప్పాక చూస్తే క్రీము పాలంత పల్చగా ఉంటుంది. కంగారుపడేది ఇక్కడే. పల్చగా ఉందని ఇంకో చెంచా వ్యాక్స్ వేస్తారు, తెల్లారేసరికి కొవ్వొత్తిలా గడ్డకడుతుంది. వేడిగా ఉన్నప్పుడు అది పల్చగానే ఉండాలి. గరిటతో నెమ్మదిగా కలుపుతూ ఉండండి. 45 డిగ్రీల దగ్గర గరిట వెనక గీత నిలవడం మొదలవుతుంది. మరుసటి రోజుకు గానీ అసలు చిక్కదనం రాదు. 40 డిగ్రీలకు దిగాక ప్రిజర్వేటివ్, విటమిన్ ఇ కలపాలి.

విరిగిన క్రీమును ఎలా విరిగిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. పైన మీగడలా చిక్కటి పొర కట్టి, కలిపితే మళ్లీ కలిసిపోతే, తొడుగులు బాగానే ఉన్నాయి, బొట్లు మాత్రం పెద్దవి. ఇంకాస్త బ్లెండర్, 0.2 శాతం శాంథాన్ గమ్ చాలు. పైన తేట నూనె నిలిచి, కలిపినా మళ్లీ విడిపోతే తొడుగులే తెగాయి, ఎమల్సిఫయర్ తక్కువైంది లేదా తప్పు రకం పడింది. రాస్తే తెల్లటి చారలు, సబ్బు నురుగులా కనిపిస్తే ఎమల్సిఫయర్ ఎక్కువైంది.

నీరు చేరాక

నూనె, మైనం మాత్రమే ఉన్న లేపనం చాలాకాలం నిలుస్తుంది, ఎందుకంటే సూక్ష్మజీవులకు బతకడానికి నీరు కావాలి. ఎమల్సిఫయర్ పుణ్యమా అని నీటిని లోపలికి తెచ్చాం, వాటికీ తలుపు తీశాం. ఈ విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. నీరున్న క్రీముకు ప్రిజర్వేటివ్ తప్పనిసరి. బూజు కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోయినట్టే. బ్యాక్టీరియా లక్షల్లో పెరిగినా క్రీము తెల్లగా, సువాసనగానే ఉండవచ్చు. పగిలిన మడమ మీదో, పసిపాప ఒంటి మీదో దాన్ని రాస్తున్నామని మరిచిపోవద్దు.

విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు. నూనె కారు వాసన కొట్టకుండా చూస్తుంది, సూక్ష్మజీవులను ఆపలేదు. వేపాకు, పసుపు, టీ ట్రీ నూనె నాలుగు చుక్కలు కూడా ఆ పని చేయలేవు. తాజా కలబంద గుజ్జు, బియ్యం కడుగు, ఇంట్లో కాచిన పన్నీరు అయితే సూక్ష్మజీవులకు విందు భోజనమే. అవి వేస్తే ఫ్రిజ్‌లో పెట్టి ఐదారు రోజుల్లో వాడేయండి, ఫ్రిజ్ కూడా వాటిని నెమ్మదింపజేస్తుందే తప్ప చంపదు. ఫినాక్సీ ఇథనాల్‌కు 1 శాతం పరిమితి. సోడియం బెంజోయేట్ వాడితే పీహెచ్ 5 కంటే తక్కువ ఉండాలి, పీహెచ్ కాగితంతో చూసుకోవాలి. పాలీసార్బేట్ వంటి ఎమల్సిఫయర్లు పారాబెన్లు అనే రకం ప్రిజర్వేటివ్‌లను తమలో దాచేసుకుని వాటి బలాన్ని తగ్గిస్తాయి, కాబట్టి ఆ జంట వద్దు.

చేసిన క్రీము బాగుందని చుట్టుపక్కలవారు అడగడం, అమ్మకం మొదలవడం సహజం. అమ్మడానికి తయారుచేయాలంటే మాత్రం 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి. ఇంటి వంటగదిలో చేసినా ఆ నిబంధన తప్పదు.

మేడ మీద పరీక్ష

పరిశ్రమల్లో క్రీమును 45 డిగ్రీల గదిలో కొన్ని వారాలు ఉంచి నిలుస్తుందో లేదో చూస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే రాలేదు. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో ఆ వేడి బయటే ఉంటుంది. నేను ప్రతి కొత్త కొలతనూ రెండు చిన్న గాజు సీసాల్లో పోసి, తేదీ రాసి, ఒకటి ఇంట్లో నీడలో, ఇంకోటి మేడ మీది గదిలో పెడతాను. నాలుగు రోజులకోసారి రెండింటినీ పక్కపక్కన పెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తాను. అడుగున నీలిఛాయ ఉన్న పల్చటి గీత కనిపిస్తే అక్కడ నీరు విడిపోవడం మొదలైందని అర్థం. ఈ వేసవిలో మేడ మీది సీసాలో ఆ గీత పన్నెండో రోజున కనిపించింది. సెటైల్ ఆల్కహాల్ 2 గ్రాముల నుంచి 3కి పెంచి, నీటిని ఆ మేరకు తగ్గించి మళ్లీ చేశాను. ఆ సీసా పెట్టి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు, గీత ఇంకా రాలేదు.